కొలిమివాళ్ల ఉప్పు

తెల్లవారుజామున నాలుగున్నరకే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇల్లాలు ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో క్యాంటీన్ వంటమనిషి. ఆరింటికల్లా అక్కడుండాలి. ఈలోగా ఇంటి వంట ముగించి, భర్త మధ్యాహ్నం డబ్బా సర్ది, గిన్నెలు తోమి బోర్లించి మరీ బయటపడుతుంది. భర్త టైలరు. కింద వీధివైపు గది అతని కొట్టు, మొదటి అంతస్తు ఇల్లు.

ఆ రోజు ఆమె ఒక చేత్తో కూర కలుపుతూ రెండో చేత్తో ఒక చీటీ పట్టుకుంది. క్లినిక్‌లో నర్సుగా చేసే కూతురు, వారానికోసారి తండ్రి బీపీ చూసి రాసే చీటీ అది.

మూడు నెలల కిందట టైలరు గుడ్డ కత్తిరిస్తూ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. "ఈసారి పడితే లేస్తారని హామీ ఇవ్వలేను. మాత్ర ఒక్కటే చాలదు, తిండి మారాలి" అన్నాడు.

"చూశావా! నూట ఎనభై నుంచి నూట నలభైకి దిగింది," అంది ఆమె కూతురితో. "నూనె సగానికి సగం తగ్గించానా, వేపుళ్లు మాన్పించానా! డాక్టరు గొప్పా, మీ అమ్మ చెయ్యి గొప్పా?"

కూతురు జడ అల్లుకుంటూ "ఊఁ" అంది. తల ఎత్తలేదు. తండ్రి చొక్కా గుండీ పెట్టుకుంటూ ఒక్క క్షణం కూతురి వైపు చూశాడు. కూతురూ చూసింది.

"ఏంటి, ఇద్దరూ కళ్లతో మాట్లాడుకుంటున్నారు?"

"ఏం లేదమ్మా. నీకు బస్సు టైమవుతోంది."

ఏం లేదన్న ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయింది. క్యాంటీన్‌లో ఉల్లిపాయలు కోస్తూ రెండుసార్లు వేలు కోసుకుంది. ముప్పై ఏళ్ల అనుభవంలో అలా ఎన్నడూ జరగలేదు. పదిన్నరకి కొలిమి లోపలి ఇటుకలు రాలాయని చెప్పి పని ఆపేశారు, అందరినీ ఇంటికి పొమ్మన్నారు. ఆమె ఏప్రన్ విప్పి నేరుగా బస్టాపుకి నడిచింది. మధ్యాహ్నం వేళ భర్త ఎదుట కూర్చుని వడ్డించి ఎన్నేళ్లయిందో, ఆమెకే లెక్క లేదు.

కొట్లో భర్త లేడు. గుండీల కాజాలు కుట్టే ముసలాయన మిషను పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆమె సర్దిన డబ్బా ముందు పెట్టుకుని తింటున్నాడు. అందరూ ఆయన్ని కాజాల బాబాయి అంటారు.

"రా అమ్మా రా! ఏం చెయ్యో నీది, కాస్త నీళ్లు ఎక్కువ తాగిస్తుంది గానీ, మహా రుచి!" అన్నాడు సంబరంగా. "మూడు నెలల్నుంచి నీ పుణ్యమా అని నాకు మధ్యాహ్నం వంట తప్పింది."

ఆమె గడప మీద ఆగిపోయింది. "ఆయనెక్కడ, బాబాయ్?"

ముసలాయన నోట్లో ముద్ద అక్కడే ఆగింది. మాట జారానని ఆయనకి అప్పుడు తెలిసింది. చేయి పైకెత్తి మేడ చూపించాడు.

వాళ్లింటిపైన రెండో అంతస్తులో వృద్ధ దంపతులు ఉంటారు, అందరికీ మామ్మా తాతయ్యా. ఆవిడ ఆలివ్ తోటలుండే సముద్రపు ఒడ్డు దేశం మనిషి. ఆయన ఇంకా తూర్పున, బియ్యమూ చేపా తినే దేశంలో పుట్టి గడియారాలు బాగుచేస్తూ బతికినవాడు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉండి, భాష ఇంటి మనుషుల్లా మాట్లాడతారు. ఆమె మెట్లు ఎక్కింది. తన ఇంటి గుమ్మం దాటింది. తాళం వేసి ఉంది. సొంత గుమ్మం దాటుకుని పైవాళ్లింటికి అన్నానికి వెళ్తున్నాడు!

పైన తలుపు తీసే ఉంది. చిన్న బల్ల చుట్టూ నలుగురు. మామ్మ, తాతయ్య, తన భర్త. పక్కన మధ్యాహ్నం విరామంలో వచ్చిన కూతురు, నర్సు బట్టల్లోనే.

"కూతురు కూడానా!" అంది ఆమె. "నా ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా? నేను చచ్చిపోయానా? నాలుగింటికి లేచి వండి పెడితే కాజాల బాబాయికి దానం చేసి, ఇక్కడికొచ్చి కూర్చుంటారా మీరు?"

టైలరు చెంచా కింద పెట్టాడు.

"మాట్లాడండి! ఆ నూట నలభై ఎవరిది? నాదని పొద్దున గొప్పలు చెప్పుకున్నానే, నవ్వుకున్నారా ఇద్దరూ?"

"అమ్మా, నేనే పంపించాను," అంది కూతురు లేచి నిలబడి. "నాన్నని తిట్టకు. రోజూ మామ్మ దగ్గర తిననివ్వమని నేనే అడిగాను."

"ఎందుకు?"

"నీకు ఉప్పు తెలియడం లేదమ్మా."

తాతయ్య బాగుచేసిన గడియారాలు గోడ మీద ఒకదానికొకటి అడ్డం పడుతూ కొట్టుకుంటున్నాయి.

"ఏమన్నావ్? రెండొందల మందికి ముప్పై ఏళ్లుగా వండుతున్నాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఉప్పు ఎక్కువైందన్నాడా?"

"ఇలా కూర్చో అమ్మాయ్," అంది మామ్మ. కోపాన్ని పట్టించుకోకుండా చిన్న పళ్లెం ముందుకు జరిపింది. "తిట్టేదేదో తిని తిట్టు. ఖాళీ కడుపుతో తిడితే గొంతు పోతుంది."

ఆమె కూర్చోలేదు. నిలబడే ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. తెల్ల చిక్కుడు గింజలు మెత్తగా ఉడికాయి. ఆకుకూర, వెల్లుల్లి, పైన పచ్చి ఆలివ్ నూనె. పక్కనే ఆవిరి మీద ఉడికించిన చేపముక్క, దాని మీద దారాల్లా తరిగిన అల్లం. వంట పద్ధతి చక్కగా ఉందని చేతికి తెలిసింది. నాలుకకి మాత్రం ఏమీ తెలియలేదు.

"ఇందులో ఉప్పు మర్చిపోయారు మామ్మగారూ."

మామ్మ ఉప్పు జాడీ తెచ్చి గింజల గిన్నె పక్కన పెట్టింది. "అయితే నువ్వే సరిచెయ్యి."

ఆమె అలవాటుగా వేళ్లు ముంచి వేసింది, కలిపింది, రుచి చూసింది. ఇంకొంచెం వేసింది. "ఆఁ. ఇప్పుడు తిండిలా ఉంది," అని అందరికీ వడ్డించింది.

తాతయ్య ఒక చెంచా తిని దగ్గు ఆపుకున్నాడు. కూతురు నోట్లోది మింగి పళ్లెం పక్కకి జరిపింది. మామ్మ పెదవి తుడుచుకుంది. టైలరు ఒక్కడే తింటున్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. చెంచా తరవాత చెంచా. మూడు ముద్దలకోసారి ఎడమ చేత్తో నీళ్లగ్లాసు అందుకుని ఒక గుక్క వేస్తున్నాడు. మళ్లీ తింటున్నాడు.

ఆ చెయ్యి ఆమె చూస్తూ ఉండిపోయింది. ఇంట్లోనూ అంతే. నీళ్లు లేకుండా ముద్ద దిగదు ఆయనకి. అది ఆయన అలవాటనుకుంది. ఉప్పు అలవాటు తనది. దాన్ని ఆయన మోసుకుంటూ వచ్చాడు.

"ఆపండి!" అంది. పళ్లెం లాగేసింది. "ఆపండి, చాలు. ఎన్నేళ్ల నుంచి?"

టైలరు గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు కొలిమి క్యాంటీన్‌లో చేరిన మరుసటేడు నుంచి."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"కళ్లు మూతలు పడుతుంటే నాకోసం వండేదానివి. ఏమని చెప్పను?"

ఆమె అప్పుడు కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొలిమి దగ్గర పనిచేసేవాళ్లు పొద్దస్తమానం చెమటలో తడుస్తారు. ఉప్పు అడుగుతారు. "అక్కా, ఇంకాస్త" అంటూ వాళ్లు అడిగినకొద్దీ ఆమె చెయ్యి పెరిగింది. చేతితోపాటు నాలుకా ఆ ఉప్పుకి అలవాటుపడింది. అదే చెయ్యి ఇంటికొచ్చి, రోజంతా కుర్చీలో కూర్చుని సూదిలో దారం ఎక్కించే మనిషికి వడ్డించింది. నూనె తగ్గించానని మురిసిపోయి, తగ్గిన రుచికి ఇంకో గుప్పెడు ఉప్పు కలిపి ఉంటుంది.

"నేనే పడగొట్టాను ఆయన్ని," అంది.

"పడగొట్టావో, నిలబెట్టావో తర్వాత తేల్చుకుందాం," అంది మామ్మ. "రేపు సాయంత్రం పైకి రా. తిట్టడానికి కాదు, కూరలు తరగడానికి."

తరవాత నాలుగు రోజులు ఇంట్లో ఆమె పొయ్యి ముట్టుకోలేదు. క్యాంటీన్‌లో చెయ్యి మార్చలేదు, అక్కడివాళ్లకి ఆ ఉప్పు కావాలి. సాయంత్రాలు మాత్రం పైకెక్కి, మొదట గుమ్మానికి ఆనుకుని, తరవాత పొయ్యి పక్కన నిలబడి చూసింది. మామ్మ నూనె పొయ్యి మీంచి దించాక పోస్తుంది, ఉప్పు వేయాల్సిన చోట నిమ్మకాయ పిండుతుంది. తాతయ్య అడుగు గిన్నెలో నీళ్లు మరిగించి పైగిన్నెలో కూరలు పెట్టి, రంగు చెడకముందే దించేస్తాడు. పళ్లెంలో సగం ఆకులూ కాయలే.

"ఇదంతా ఆరోగ్యం కోసం నేర్చుకున్నారా?" అని అడిగింది.

"ఆరోగ్యమనే మాట మా అమ్మకి తెలియదు," అంది మామ్మ. "తోటలో కాసింది, సముద్రంలో దొరికింది వండేది. ఈయన వాళ్లమ్మా అంతే. మేమిద్దరం పెళ్లయిన కొత్తలో ఎవరమ్మ వంట గొప్పదని మూడేళ్లు కొట్టుకున్నాం. చివరికి రెండు పొయ్యిలు పెట్టుకున్నాం."

తాతయ్య చేప దించుతూ "ఇంకా తేలలేదు," అన్నాడు.

ఆమె నవ్వింది. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

ఆదివారం పొద్దున టైలరు కొట్టుకి దిగబోతుంటే వంటింట్లోంచి పిలిచింది. "ఏవండీ, ఒకసారి లోపలికి రండి."

"నేనా?" అన్నాడు. అతను వంటింటి గడప దాటడం బహుశా అదే మొదలు.

పొయ్యి మీద గింజలూ ఆకుకూరా ఉడికి ఉన్నాయి. నూనె పైన మెరుస్తోంది. ఆమె చెంచా అందించింది. "చూడండి."

అతను నోట్లో పెట్టుకుని, కుట్టు సరిపోయిందో లేదో చూసే మనిషిలా తల వాల్చి ఆలోచించాడు.

"ఉప్పు చాల్లేదు."

"జాలిపడి అలా అంటున్నారు."

"కాదు. అసలు వేశావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "భయమేసింది."

"చాల్లేదు, నిజంగానే చాల్లేదు," అన్నాడు. "ఇన్నేళ్లలో ఇప్పుడే నిజం చెబుతున్నాను. నమ్ము."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. జాడీ మూత తీసి అతని ముందు పట్టింది. "నా నాలుకని నేను నమ్మలేనిక. మీరే వెయ్యండి."

టైలరు రెండు వేళ్లతో చిటికెడు తీశాడు. కొంత జాడీలోకి వదిలేశాడు. మిగిలింది ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"రోజూ మీరే చెప్పాలి. తెల్లారకముందే లేవాలి మరి."

"లేస్తాను," అన్నాడు అతను, చెంచా మళ్లీ చాపుతూ. "ముందు అది కలుపు. ఇంకోసారి చూస్తాను."