ఎడమవైపు వెనక చక్రం

తూరె బుర్ర చెడిపోతోందని ఎదురింటి మాయ్‌బ్రిట్ అన్నదట. ఆ మాట తూరె పెళ్ళాం గున్వోర్ మొహాన అనలేదు, జుట్టు కత్తిరించే లీనా దగ్గర అన్నది. లీనా దాన్ని వారం రోజులు దాచుకుని, శుక్రవారం నాడు గున్వోర్ తల మీద నీళ్ళు పోస్తూ తనకేమీ పట్టనట్టు మెల్లగా దించింది.

"మీ ఆయన మొన్న పెట్రోలు బంకులో పావుగంట సేపు కారు చుట్టూ తిరిగాడటండీ. పెట్రోలు పోసే మూత ఏ పక్కనుందో వెతుక్కుంటున్నట్టు. మాయ్‌బ్రిట్ అంటోంది, నేను కాదు."

"ముందు మాయ్‌బ్రిట్‌ని కళ్ళజోడు మార్చుకోమను," అంది గున్వోర్ కళ్ళు తెరవకుండానే. "టైర్లలో గాలి చూసుకుంటూ ఉండుంటాడు. రోజూ ఆ కారు చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చెయ్యందే ఆయనకు పొద్దు గడవదు."

లీనా నవ్వింది. గున్వోర్ కూడా నవ్వింది. నవ్వేటప్పుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మార్చి నెల నుంచీ గున్వోర్ ఆ కడుపును రెండు చేతులా పట్టుకుని తిరుగుతోంది. మార్చిలో తూరె, పన్నెండేళ్ళ కిందట పోయిన తమ్ముణ్ణి భోజనానికి ఎందుకు పిలవలేదని అడిగాడు. ఆగస్టులో ఒకరోజు టిఫిన్ డబ్బా పట్టుకుని ఫ్యాక్టరీకి బయల్దేరాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి మూడేళ్ళు. డాక్టరుకు తెలిస్తే ఒక్క ఉత్తరం ముక్క రాస్తాడు, లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఆ ఆకుపచ్చ సాబ్ కారు షెడ్డులోనే ఉండిపోతుంది, ఈయన మంచం మీదనే ఉండిపోతాడు. ముప్పై నాలుగేళ్ళు ట్రోల్‌హెట్టన్ ఫ్యాక్టరీలో సాబ్ కార్లకు తలుపులు బిగించిన మనిషి. ఆ కారెక్కినప్పుడే ఇంకా మొగుడిలా కనబడుతున్నాడు ఆమెకు.

మర్నాడు శనివారం, టైర్లు మార్చే రోజు. అక్టోబరు చివర గడ్డి మీద తెల్లటి మంచు పేరుకునే వేళకు ఆ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ జాకీలు లేస్తాయి, వేసవి టైర్లు దిగి, మంచు మీద జారని మేకుల టైర్లు ఎక్కుతాయి. అల్లుడు యోర్గెన్ వోల్వో కారుకు కూడా ఈ ఇంటి ముందే మార్చడం పదకొండేళ్ళుగా ఆనవాయితీ. అల్లుడికి అప్పగించే పని చక్రాలు దొర్లించడం, తిట్లు తినడం. బోల్టుల మీద చెయ్యి మాత్రం మామగారిదే. ముందు సాబ్, తర్వాత వోల్వో. పట్టు సరిపోగానే టిక్కుమని చప్పుడు చేసే పొడుగాటి పానా ఒకటుంది తూరెకు. దాన్ని ఇంకొకళ్ళు ముట్టుకుంటే ఊరుకోడు.

వంటింటి కిటికీ దగ్గర ఏలకుల రొట్టెలకు పిండి పిసుకుతూ గున్వోర్ ఆ టిక్కులు లెక్కపెడుతుంది. కావాలని కాదు, చెవికి అలవాటైపోయింది. సాబ్ చక్రానికి నాలుగు బోల్టులు, నాలుగు చక్రాలకు పదహారు టిక్కులు. వోల్వో చక్రానికి అయిదు, మొత్తం ఇరవై. "మీవాళ్ళకు నమ్మకం తక్కువోయ్, అందుకే ఒకటి ఎక్కువ కొట్టారు," అని తూరె ప్రతి ఏడూ అంటాడు. ఆ ఏడూ అన్నాడు.

సాబ్‌కు పదహారు వినబడ్డాయి. వోల్వో మూడు చక్రాలకూ పదిహేను. నాలుగో చక్రం ఎక్కించే సమయానికి యోర్గెన్ పాత టైర్లు మోసుకుంటూ నేలమాళిగలోకి దిగాడు. కూతురు ఇల్వా మెట్ల మీదికొచ్చి కేకేసింది.

"నాన్నా, అయిందా? సిగ్నెకు పదిన్నరకు ఈత క్లాసు!"

"అయింది, అయింది," అన్నాడు తూరె. జాకీ దించాడు. పానా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో అపరిచితుడు దాన్ని పట్టుకోమని ఇచ్చి వెళ్ళిపోయినట్టు దాని వంక చూశాడు. తర్వాత మెల్లగా షెడ్డులోకి వెళ్ళి గోడకు తగిలించేశాడు.

ఇల్వా ఆరేళ్ళ కూతురు సిగ్నెను వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి, వోల్వో తీసుకుని వెళ్ళిపోయింది.

గున్వోర్ పిండి చేతులతో అలాగే నిలబడింది. చివరి అయిదు టిక్కులూ కుళాయి చప్పుడులో వినబడలేదేమో అనుకుంది. కానీ కుళాయి కట్టే ఉంది.

*

మగాళ్ళిద్దరూ చేతులు కడుక్కుని కాఫీకి కూర్చున్నారు. తూరె హుషారుగా ఉన్నాడు. అల్లుడి మీద నోరు చేసుకునేటప్పుడు ఆయనకు మరుపు లేదు, ముసలితనం లేదు.

"ఏమోయ్ అల్లుడూ, ఆ బీరువాకు ఇంకో శీతాకాలం ఆయుష్షు పోశాను. బీరువాకు చక్రాలు బిగించి కారు అనడం మీకే చెల్లింది."

"బీరువా కాబట్టే లోపల పెట్టిన మనుషులు భద్రంగా ఉంటారు మామయ్యా. లోకానికి సీటు బెల్టు నేర్పింది ఎవరనుకున్నారు?"

"కట్టేస్తేగాని మీ బండిలో ఎవరూ కూర్చోరు కాబట్టి నేర్పారు."

యోర్గెన్ కాఫీ పొలమారేటట్టు నవ్వాడు. తాతనాటి నుంచీ వోల్వో తప్ప ఇంకో కారు కొనని ఇల్లు వాళ్ళది. "మీదేమో ఎవరో చూసుకోకుండా మీద కూర్చున్న టోపీలా ఉంటుంది. పైగా ఆ తాళం పెట్టే కన్నం! మొదటిసారి మీ కారెక్కినప్పుడు స్టీరింగు కిందంతా తడిమి తడిమి చచ్చాను. చివరికి చూస్తే రెండు సీట్ల మధ్య, గేరు పక్కన! అక్కడ పెట్టాలని ఎవడికి తోచిందో!"

"మోకాళ్ళున్నవాడికి. గుద్దుకున్నప్పుడు తాళంచెవి మోకాటి చిప్పలో దిగకూడదని. ముందు విమానాలు కట్టి, ఆ తర్వాత కార్లు కట్టిన బుర్రలోయ్ అవి."

ఫ్యాక్టరీ మూతపడిన సంగతి మాత్రం యోర్గెన్ ఎన్నడూ ఎత్తడు. ఎంత మాట పడ్డా ఆ ఒక్క రాయీ విసరడు. అందుకే గున్వోర్‌కు అల్లుడంటే గౌరవం. ఇప్పుడు అతను నవ్వుతుంటే చూడలేకపోయింది. గోడ గడియారం పది దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. కాలువ వంతెన దాకా రోడ్డు తిన్నగా ఉంటుంది, అక్కణ్ణుంచి పల్లం. కర్రల లారీలు దిగే దారి.

నోరు తెరిస్తే మొగుడు పోతాడు. తెరవకపోతే? ఆ రెండోది ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. నిన్నటి రొట్టెల పళ్ళెం బల్ల మీద పెట్టింది. చక్కెర గిన్నె జరిపింది. మళ్ళీ వెనక్కి జరిపింది.

"నీ కాఫీ చల్లారిపోతోంది," అన్నాడు తూరె.

"యోర్గెన్," అంది గున్వోర్. "ఇల్వాకు ఫోన్ చెయ్యి. బండి ఆపమను."

"ఎందుకత్తయ్యా?"

"ఆపమను ముందు!"

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. యోర్గెన్ తీశాడు. ఇల్వా గొంతు వంటగదంతా వినబడింది.

"వెనక టకటకమని చప్పుడు, బండి ఊగిపోతోంది. వంతెన దిగాక పక్కకు లాగి ఆపేశాను. ఎడమవైపు వెనక చక్రం వంకరగా నిలబడి ఉంది యోర్గెన్! బోల్టులు వేళ్ళతో తిరుగుతున్నాయి! వెనకాల లారీ హారన్ కొడుతూ..." వెనక నుంచి పిల్ల ఏడుపు.

"దిగి గట్టు మీదికెక్కండి. బండి దగ్గర ఉండొద్దు. వస్తున్నా." ఫోన్ పెట్టేసి యోర్గెన్ మామగారి వైపు తిరిగాడు.

"ఆ చక్రం బిగించారా మామయ్యా?"

తూరె కళ్ళు ఒకసారి గున్వోర్ మీదికి వెళ్ళి వచ్చాయి. "లేదు," అన్నాడు.

"మర్చిపోయారా?"

"మర్చిపోవడమా? నేనా?" తూరె లేచి నిలబడ్డాడు. "ముప్పై నాలుగేళ్ళు నా చేతి కింద ఒక్క బోల్టు వదులు పోలేదు. కావాలనే వదిలేశాను. వోల్వోవాళ్ళు తమ బోల్టులు తామే చూసుకోవాలి. ఎన్నాళ్ళు చేస్తారు మామగారు చాకిరీ?"

"కావాలని?" యోర్గెన్ కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "అందులో మీ మనవరాలుంది! పదకొండేళ్ళు మీ వేళాకోళానికి నవ్వాను, మనసులో ఇంత విషం ఉందా?"

గున్వోర్ తూరె వంక చూసింది. పసిపిల్లను చంపబోయినవాడనిపించుకోవడానికి సిద్ధపడ్డాడు గాని, మరుపు మనిషి అనిపించుకోవడానికి సిద్ధంగా లేడు. తను కాపాడుకుంటూ వచ్చింది ఈ పంతాన్నేనా?

"తాళాలు ఇవ్వండి, మీ కారు తీసుకెళ్తా," అన్నాడు యోర్గెన్.

"నా కారు నేనే నడుపుతా," అని తూరె అప్పటికే మెట్లు దిగుతున్నాడు. షెడ్డులోని పానా యోర్గెన్ లాక్కున్నాడు. గున్వోర్ పిండి చేతులతోనే వెనకాల నడిచింది.

తూరె సాబ్‌లో కూర్చున్నాడు. తాళంచెవి పట్టుకుని స్టీరింగు పక్కకు చెయ్యి పోనిచ్చాడు. అక్కడ ఏమీ లేదు. ఇంకాస్త కిందికి తడిమాడు. రెండో పక్కా తడిమాడు. నున్నటి ప్లాస్టిక్ మీద తాళంచెవి గీరుకుంటున్న చప్పుడు తప్ప ఆ వాకిట్లో ఇంకేం వినబడలేదు. మళ్ళీ మొదటి చోటికే వచ్చాడు.

తెరిచిన తలుపు పట్టుకుని యోర్గెన్ చూస్తున్నాడు. ఇది వేళాకోళం అనుకున్నట్టు మొదట కనుబొమలు ముడిచాడు. తర్వాత ఆ చెయ్యి మూడోసారి స్టీరింగు కిందికి పోవడం చూశాడు. అతని కోపం ఎక్కడికి పోయిందో పోయింది. తలెత్తి అత్తగారి వంక చూశాడు. గున్వోర్ తల దించుకుంది. చెప్పాల్సిందంతా అందులోనే ఉంది.

"జరగండి మామయ్యా," అన్నాడు యోర్గెన్ చాలా మెల్లగా. "నేను నడుపుతా. మీరు దారి చెప్పండి."

ఆ దారి యోర్గెన్‌కు కళ్ళు మూసుకున్నా తెలుసు. తూరె పక్క సీట్లోకి జరిగాడు. ఆ మొదటిసారి తర్వాత జన్మలో సాబ్ స్టీరింగు పట్టనని ఒట్టు పెట్టుకున్నవాడు, రెండు సీట్ల మధ్య చెయ్యి పెట్టి బండి కదిలించాడు.

*

రెండు కార్లూ పదకొండున్నరకు వాకిట్లోకి వచ్చాయి. పిల్లకు గీత కూడా పడలేదు. తన తువ్వాలు లారీ గాలికి ఎగిరిపోయిందని ఏడుస్తోంది, అంతే. గున్వోర్ పిల్లను చుట్టేసుకుని ఆ జుట్టులో మొహం పెట్టి చాలాసేపు ఎత్తలేదు.

పిల్లను టీవీ ముందు కూర్చోబెట్టి వచ్చి ఇల్వా వంటింటి తలుపు మూసింది. దారిలో యోర్గెన్ చెప్పినట్టున్నాడు, తండ్రిని ఏమీ అనలేదు. తల్లి ఎదురుగా నిలబడింది.

"నువ్వు ఫోన్ చెయ్యమన్నావట. నేను చెయ్యకముందే. నీకెలా తెలుసమ్మా?"

"పదిహేనే వినబడ్డాయి," అంది గున్వోర్. "అయిదు తక్కువ."

"ఆ అయిదూ వినబడలేదని నేను వాకిలి దాటకముందే తెలుసు కదా? అప్పుడెందుకు అరవలేదు?"

గున్వోర్ చేతుల మీద పిండి ఎండి పొలుసులు కట్టింది. గోటితో గీకుతూ చెప్పింది, మార్చి సంగతి, ఆగస్టు సంగతి, పెట్రోలు బంకు సంగతి. చెబుతుంటే తనకే అర్థమయింది. "అరిస్తే ఆయన పరువు పోతుందనుకున్నానే. ఒక పక్క ఆయన పరువు, ఇంకో పక్క నీ బిడ్డ. ఇరవై నిమిషాలు తూకం వేస్తూ కూర్చున్నాను, ఇల్వా. కాఫీ పోస్తూ." ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఎక్కెక్కి ఏడ్చింది.

ఇల్వా తల్లి చేతులు పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, ఆ పిండంతా తనే కడిగింది. "సోమవారం డాక్టరు దగ్గరికి నేను కూడా వస్తా," అంది. "ఇంక ఒక్కదానివే మొయ్యొద్దు."

తూరె బల్ల దగ్గర టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి హుషారు ఎవరో తుడిచేసినట్టు పోయింది. "కావాలని వదల్లేదోయ్," అన్నాడు బల్ల వంక చూస్తూ. "పానా చేతిలో ఉంది. అది దేనికో తెలియలేదు. అడగడానికి సిగ్గేసింది."

"తెలుసు మామయ్యా." యోర్గెన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతులో ఎలాగో పాత చమత్కారం తెచ్చుకున్నాడు. "ఏప్రిల్‌లో మళ్ళీ వేసవి టైర్లు ఎక్కించాలిగా. మీరు కుర్చీ వేసుకుని కూర్చుని నన్నూ నా బీరువానూ తిట్టండి, బోల్టులు నేను బిగిస్తా. వచ్చే అక్టోబరుకూ అంతే. ఆ పై ఏడూ అంతే."

తూరె తలెత్తి అల్లుడి మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా, గుర్తు పెట్టుకోవడానికన్నట్టు, నిదానంగా చూశాడు.

"వచ్చే ఏటికి నువ్వెవరివో నాకు తెలియాలి కదా."