కూలనంటున్న ఇల్లు

"ఈ ఇంట్లోవాళ్ళు మేడ మీదికి ఎలా ఎక్కుతారండీ?"

ప్రశ్న నా వెనకనించి వచ్చింది. మాన్స్‌ఫీల్డ్‌లో, చర్చి హాల్లో, మా మంగళవారం ఆటల క్లబ్బు. థర్మాకోల్, అట్టముక్కలు, కాఫీ కలుపుకునే పుల్లలతో నేను కట్టిన నగరాన్ని బల్లమీద పరుస్తున్నాను. ఏదో గ్రహం మీద యుద్ధంలో కూలిపోయిన నగరం. మేం పాచికలు వేసి ఆడుతుంటే, వేలెడు సైనికుల బొమ్మలు దానిలో కొట్టుకు చస్తాయి.

"ఎక్కరు. చస్తారు," అన్నాను.

"చచ్చేముందు?"

తిరిగి చూశాను. రోనా. సిటీ బస్సు నడుపుతుంది, క్లబ్బుకి కొత్త. వానకి తడిసిన కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వుతోంది. పెళ్ళాం వదిలేసి వెళ్ళినప్పటినించీ నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

"మెట్లు పెడితే బొమ్మలు నిలబడవు. తెలియకపోతే వెళ్ళి టీ తాగండి."

"తాగేశాను. అందుకే తీరిగ్గా అడుగుతున్నాను."

కొన్ని వారాలకి తనూ ఒకటి కట్టుకొచ్చింది. అట్టపెట్టెలు కత్తిరించి పేర్చిన పెంకులు, పొగగొట్టం, లోపల మెట్లు, తీగమీద ఆరేసిన గోరంత చొక్కా. తెచ్చి నా నగరం నడిబొడ్డున పెట్టింది.

"ఏమిటిది?"

"ఇల్లు."

"ఇక్కడ ఒక్క గోడ కూడా మిగలకూడదు. యుద్ధం జరిగింది!"

"జరిగితే? ఒకావిడ కదలనంది."

"ఒక్కతేనా?"

"అది ఊళ్ళోవాళ్ళని బట్టి," అంది ఓరగా చూస్తూ.

రెండు శిథిలాలు పక్కకి జరిపి చోటిచ్చాను.

నాటింగ్‌హామ్‌లో ఏటా జరిగే ఇలాంటి బొమ్మనగరాల ప్రదర్శన దగ్గర పడింది. అక్కడి మొదటి బహుమతి కోసం నేను ఏళ్ళ తరబడి జిగురు పూసుకుంటున్నాను. మా అధ్యక్షుడు రాడ్నీ బల్లచుట్టూ తిరిగి, "డెస్మండ్, ఈసారి బహుమతి నీదే. ఆ బొమ్మరిల్లు మాత్రం తీసెయ్. నవ్వుతారు," అన్నాడు.

రోనా తీసేద్దామని ఇంటి మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు," అన్నాను. "రాడ్నీ, ఇల్లు ఉంటేనే ఊరు. లేదంటే రెండూ రావు."

"ఒక ఆడదాని కోసం బహుమతి వదులుకుంటావా?"

"వదులుకుంటా. ఏం?"

"నీకు మతి పోయిందోయ్!"

"పోతే నాది పోయింది. నీదేం పోయింది?"

అన్నీ పెట్టెల్లో సర్దుకుని బయటికొచ్చాం. కుండపోత. నా కోటు విప్పి ఇంటి మీద కప్పాను.

"నీ గోడలు తడుస్తున్నాయి, రంగు కారిపోతోంది!" అంది రోనా.

"కారనీ. ఎలాగూ కూలినవే."

"అంత కష్టపడ్డావు కదా, ఎందుకిలా చేశావు?"

"నువ్వంటే ఇష్టం కాబట్టి. ఈ వయసులో అనకూడదంటే వయసుకే నష్టం."

"మెల్లిగా! రాడ్నీ కిటికీలోంచి చూస్తున్నాడు."

"చూడనీ."

ఆమె పెట్టె కింద పెట్టింది. నా చొక్కా పట్టుకుని సరిగ్గా ఆ కిటికీ ఎదురుగా, వీధిదీపం కిందికి లాగి, ముద్దు పెట్టింది.