ఆరో పండు

పొద్దున్నే మామిడి తోటలో ఏజెంట్ గువో శవం దొరికింది. మెడలో విషపు సూది. పన్నెండేళ్ల స్నేహం. ఫాన్ జెంగ్ వంగి అతని కళ్లు మూశాడు. ఏడుపు రాలేదు. అసలేమీ రాలేదు.

ఫాన్ సీక్రెట్ ఏజెంట్. యూజింగ్ అనే ఊళ్లో ఆ-హ్వేయ్ అత్త మామిడి తోటలో మందు కొట్టే కూలీగా ఏడాది నుంచి అతని వేషం.

మధ్యాహ్నం మామిడి పోటీ. హాల్లో అత్త బల్ల మీద ఆరు పండ్లు పేర్చింది. మంత్రి వచ్చి ఆరూ కోస్తాడు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "గువో ఆఖరి మెసేజ్ ఇప్పుడే డీకోడ్ అయింది. ఒక పండులో బాంబు. కత్తి తగిలితే పేలుతుంది. ఏ పండో తెలీదు."

"మంత్రి గుమ్మంలోకి వచ్చేశాడు సార్."

"చూస్తావేం? కదులు!"

అత్త కత్తి తుడుస్తోంది. "ఏంట్రా, ఆముదం తాగినట్టు ఆ మొహం? గెలిస్తే నీ బీఫ్ సూప్ ఖర్చు నాదేలే!"

అంతలో సెంటు వాసన. లియెన్. పట్టు గౌను, ఎర్ర పెదాలు. శత్రు ముఠాలో ఉంటూ ఫాన్ వాళ్లకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఫాన్ ప్రేమించిన మనిషి.

"సొన ఆరింది," అంది చెవిలో. కబురు నిజమని వాళ్ల కోడ్. "అన్నిటికన్నా పెద్దదాంట్లో ఉంది. పట్టుకుని బయటికొచ్చెయ్. కారు తెస్తా."

ఫాన్ పెద్ద పండు ఎత్తాడు. రెండు చెంపలూ చదును. దీనికి మందు కొట్టింది తనే. చలికి పూత సరిగా కట్టక, టెంకలో జీడి, అంటే గింజ, లేని పిందెలు పడ్డాయి. వదిలేస్తే కోడిగుడ్డంతే ఉండిపోయేవి. కాయ పెరిగే మందు జిబ్బరెల్లిన్ రెండుసార్లు కొడితే జానెడు సాగాయి. టెంక మాత్రం అట్టముక్కలా పల్చన. అందులో బాంబు కాదు కదా, బఠాణీ కూడా పట్టదు.

అయిదు పండ్లూ అంతే. ఆరోది చిన్నది, చెంపలు నిండుగా ఉన్నాయి. జీడి కట్టిన పండు. అత్త తోటది కాదు, ఎవరో మార్చి పెట్టింది. ముచ్చిక దగ్గర, కోసి అతికించినట్టు, కొత్త మైనం.

లియెన్ అబద్ధం చెప్పింది. అతనికి కోపం కూడా రాలేదు.

ఆరో పండు తీసుకుని, అత్త చేతిలో కత్తి లాక్కున్నాడు. "ఒరేయ్, మంత్రిగారొచ్చారు!" అని అత్త అరుస్తూనే ఉంది. బయట కారు పక్కన లియెన్. పండూ కత్తీ ఆమె ముందు పెట్టాడు.

"కొయ్యి. రుచి చూద్దాం."

ఆమె చెయ్యి లేవలేదు. "నిన్ను బయటికి రప్పించాలనే అలా చెప్పాను జెంగ్. నువ్వొక్కడివైనా బతుకుతావని."

"లోపల అత్త ఉంది కదా," అన్నాడు.

పండుని బాంబు స్క్వాడ్ ఇసుక బకెట్లో పట్టుకెళ్లింది. బేడీలు పడ్డాక లియెన్ ఒక్కసారి వెనక్కి చూసింది. ఫాన్ కూడా చూశాడు.

"కష్టంగా ఉంటుందయ్యా," అన్నాడు చీఫ్, "వారం సెలవు తీసుకో."

"కుదరదు సార్. కోతలు సగం కూడా కాలేదు. అత్త చంపేస్తుంది."