గుమ్మడికాయ కింద జడ్జిగారు

“చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడే చంపింది!” అంది హ్యాటీ, టీవీలో ఇంకా పేర్లు పడుతుండగానే.

తాతయ్య బిస్కెట్‌ని టీలో ముంచి, తియ్యడం మర్చిపోయాడు. అది మెత్తబడి విరిగి కప్పు అడుక్కి పోయింది.

“నీకెలా తెలుసు?”

“అమ్మ ట్యాబ్‌లో పొద్దున్నే వచ్చేసింది, చివరికి జరిపి చూసేశా. ఈసారి నేనే గెలుస్తా!”

ఆదివారం సాయంత్రం హత్య కథ వస్తోందంటే ఆ ఇంట్లో పండగే. మధ్యలో ప్రకటనలు రాగానే టీకి కెటిల్ పెట్టి, ఎవరు చంపారో తలా ఒక పేరు చెప్పాలి. ఎప్పుడూ అమ్మమ్మే గెలిచేది. హ్యాటీకి పదేళ్ళొచ్చినా ఒక్కసారీ గెలవలేదు.

ఈ వారం అమ్మమ్మ ఆసుపత్రిలో ఉంది. మంచుకి మెట్ల మీద జారి తుంటి విరిగింది. అక్కడి టీవీలో చూసి, ప్రకటనలప్పుడు ఫోన్ చేస్తానంది.

తాతయ్య కోప్పడలేదు. చెంచాతో బిస్కెట్ ముక్కలు తీసుకుంటూ కూర్చున్నాడు.

“రేపటి ఆపరేషనంటే మీ అమ్మమ్మకి భయంగా ఉందిట. ఈ గంటసేపైనా ఆ సంగతి మర్చిపోతానంది,” అన్నాడు కాసేపటికి.



కథ మొదలైంది. కూరగాయల పోటీకి వచ్చిన జడ్జిగారు, మొదటి బహుమతి గుమ్మడికాయ కింద చచ్చిపడున్నారు. కాళ్ళకి బాతు అడ్డం వచ్చి ఇన్‌స్పెక్టర్ బోర్లా పడ్డాడు. ఇంకోసారైతే హ్యాటీ పడీపడీ నవ్వేది. తాతయ్య “వీడే! వాడి మీసం చూడు!” అని అరిచేవాడు. ఇవాళ ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. ఆ అరగంట హ్యాటీకి ఎంతకీ గడవలేదు.

ప్రకటనలు రాగానే ఫోన్ మోగింది. హ్యాటీ స్పీకర్ పెట్టింది.

“ఏమే గడుగ్గాయీ, ఎవరంటావు? మా పక్క మంచం మార్జరీ బేకరీవాడంటోంది. దానికి బేకరీవాళ్ళంటే పడదులే!”

జవాబు హ్యాటీ నోటిదాకా వచ్చింది. తాతయ్య వైపు చూసింది. ఆయన కప్పులోకి చూస్తున్నాడు.

“పోస్ట్‌మాన్, అమ్మమ్మా. సైకిల్ మీద గుమ్మడికాయ తెచ్చి మీద పడేశాడు.”

“పిచ్చిమొద్దూ! అంత కాయ సైకిల్ మీద నిలుస్తుందా? ఆ ఆర్గన్ ఆవిడ, రాసిపెట్టుకో!”

తాతయ్య తలెత్తాడు. “నీ మొహం! చర్చిలో వాయించే మనిషి హత్య చేస్తుందా? ముమ్మాటికీ పోస్ట్‌మానే!”

“ఇద్దరికిద్దరూ సరిపోయారు!” అమ్మమ్మ పకపకా నవ్వింది.

కథ అవ్వగానే ఫోన్ మళ్ళీ మోగింది. “చెప్పానా!” అంటున్న అమ్మమ్మ వెనకాల ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

“ఎలా కనిపెట్టావు?” అంది హ్యాటీ. చివర చూసింది కానీ, ఆ సంగతి ఆమెకి నిజంగానే తెలియదు.

“చర్చిలోంచి కదల్లేదంది కదా, మరి బూట్లకి ఆ బురదెక్కడిది?”

“అవునా! నేను చూడనే లేదు.” హ్యాటీ ఫోన్ చెవికి ఆనించుకుని కార్పెట్ మీద చతికిలబడింది. “ఆగాగు అమ్మమ్మా, మొదట్నించి చెప్పు.”