ఖాళీ సీసాల లారీ

లారీ ఒక్కసారిగా మలుపు తిరిగింది.

ఆమె తల వెళ్ళి క్రేటుకి కొట్టుకుంది. అరుపు గొంతు దాకా వచ్చింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని దాన్ని అక్కడే నొక్కేసింది.

చుట్టూ చీకటి. పైన టార్పాలిన్. అటూ ఇటూ ఖాళీ సీసాల క్రేట్లు, గణగణమని ఒకటే మోత...

ముందు క్యాబిన్‌లో డ్రైవర్ పాటలు పెట్టుకున్నాడు. నయం. ఆ పాటలే లేకపోతే ఆమె గుండె చప్పుడు వాడికి వినబడేదే.

ఫోన్ వణికింది. బావ. అక్క మొగుడు. ఆమె నాన్న సోడా ఫ్యాక్టరీలో వ్యాన్ నడిపేదీ అతనే.

"ఎక్కడున్నావ్?"

"లారీలో."

"ఏ లారీలో?"

"కంపెనీ లారీలో బావా. వెనకాల... ఖాళీల మధ్య."



"నీకు మతి గానీ పోయిందా మరదలా? మీ అక్కకి నేనేం చెప్పుకోవాలి?"

"ఇప్పుడేం చెప్పకు. వ్యాన్ తీసుకుని ఈ లారీ వెనకాలే రా. మరీ దగ్గరికి రాకు."

ఊళ్ళో 'కంపెనీ' అంటే ఒక్కటే. పేరు చెప్పక్కర్లేదు.

కోలా వాళ్ళదే. నిమ్మ డ్రింకు వాళ్ళదే. మంచినీళ్ళ బాటిల్ కూడా వాళ్ళదే. టీవీలో ఒకదాన్నొకటి వెక్కిరించుకునే రెండు డ్రింకులున్నాయే... ఆ రెండూ వాళ్ళవే! షాపువాడికి ఫ్రిజ్ ఊరికే ఇస్తారు. ఒకటే షరతు. అందులో వేరేవాళ్ళ సీసా కనబడకూడదు. కనబడిందా, మర్నాడు ఫ్రిజ్ వెనక్కి పోతుంది. సరుకు రావడం ఆగిపోతుంది. కంపెనీ సరుకు లేని షాపుకి ఈగ కూడా రాదు.

అందరూ లొంగిపోయారు. లొంగనిది ఒక్క నాన్న.

నాన్నది నారింజ సోడా. గాజు సీసా. పేరు కాగితం మీద కాదు, ఆ గాజులోనే పోత పోసి ఉంటుంది. తాగేసిన సీసా షాపు నుంచి ఫ్యాక్టరీకి తిరిగొస్తుంది. కడుగుతారు, మళ్ళీ నింపుతారు. లోపలి సోడా కన్నా ఆ సీసాయే ఖరీదు. సీసాలు తిరిగి రాకపోతే ఫ్యాక్టరీకి తాళం వేసుకోవడమే.

ఈమధ్య రావడం మానేశాయి.

షాపులవాళ్ళని అడిగితే నేల చూపులు. చివరికి ఒక కిరాణా షాపావిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "కంపెనీ లారీ వాళ్ళ ఖాళీలతో పాటు మీవీ ఎత్తుకుపోతోందమ్మా. నేను చెప్పానని మాత్రం అనకు."

అందుకే ఈమె లారీ ఎక్కింది. సీసాలు ఎక్కడ పగలగొడుతున్నారో చూడాలి, ఫోన్‌లో వీడియో తియ్యాలి, దిగిపోవాలి. అంతే అనుకుంది. ఎంత తేలిగ్గా అనుకుంది!

లారీ ఆగింది.

గేటు కిర్రుమంది. డ్రైవర్ దిగి ఎటో వెళ్ళాడు.

ఆమె టార్పాలిన్ కింద నుంచి జారి, డ్రమ్ముల వెనక్కి పాకింది. గాజు పగిలే చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

లేదు.

నీళ్ళ చప్పుడు. దాని వెనకే సుయ్‌మని గ్యాస్ చప్పుడు...

పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడది. సోడా నింపుతున్నారు!

తల కొంచెం పైకెత్తి చూసింది. గోడౌన్ మధ్యలో చిన్న ఫిల్లింగ్ మెషిన్. దాని మీద వరసగా నాన్న సీసాలు. శుభ్రంగా కడిగి ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో నారింజ రంగు సోడా పడుతోంది. మూత కూడా నాన్న వాడే రంగే.

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. మన సీసాల్లో వీళ్ళు సోడా ఎందుకు నింపుతారు? మనకి సాయమా?

గ్లవ్స్ వేసుకున్న ఒకడు తెల్ల డబ్బా పట్టుకుని ట్యాంకు దగ్గరికొచ్చాడు.

"ఎంత పొయ్యమన్నారు?"

"సగం చాలు." ఇంకొకడు గోడకి ఆనుకుని ఉన్నాడు. "పిల్లలు చావకూడదని సారు చెప్పారు. కళ్ళు తిరిగి పడాలి. ఆస్పత్రిలో చేరాలి. అంతవరకే."

"చేతులు వణుకుతున్నాయిరా."

"వణికితే ఎక్కువ పడుద్ది. జాగ్రత్త."

డబ్బా వంగింది.



"హాఫ్ టైమ్‌కల్లా గ్రౌండ్‌కి చేరాలి. ముసలాయన స్టాల్ వెనకాల క్రేట్లున్నాయి కదా, వాటిల్లో కలిపేస్తే సరి. ఏది ఏదో ఆయనకే తెలీదు."

గ్రౌండ్... ఇవాళ స్కూలు ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనల్! హాఫ్ టైమ్‌లో ఆటగాళ్ళకి నాన్న సోడా ఉచితం. మ్యాచ్ స్పాన్సర్ కంపెనీయే. అయినా ఈసారి స్టాల్ పెట్టుకుంటామంటే అడగ్గానే ఒప్పుకున్నారు. నాన్న ఎంత మురిసిపోయాడో. "వాళ్ళూ మనుషులేనే అమ్మలూ" అన్నాడు.

ఫోన్ పైకెత్తింది. ఒక్క నిమిషం వీడియో వస్తే చాలు, ఒక్క నిమిషం...

మోచెయ్యి డ్రమ్ముకి తగిలింది. ఫోన్ జారి సిమెంటు మీద టప్‌మని పడింది.

"ఎవర్రా అది?"

పై ప్రాణాలు పైనే పోయాయి.

లేచింది. పరుగు!

వెనకాల బూట్ల చప్పుడు. క్రేట్ల మధ్య సందు. ఎడమకి... కాదు, గోడ! కుడికి... వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. భుజంతో తోసుకుని బయటపడింది. చున్నీ గడియకి చిక్కుకుంది. లాగితే చిరిగింది. చిరిగితే చిరిగింది, పోనీ.

రోడ్డు చివర వ్యాన్ కనబడింది.

"బావా, స్టార్ట్ చెయ్!"

ఎక్కి తలుపు వేసేలోపే వ్యాన్ కదిలింది. వెనకాల రెండు బైకుల లైట్లు వెలిగాయి.

"ఎవరు వాళ్ళు? ఏం చేశావ్?"

"గ్రౌండ్‌కి పోనీ. మన సీసాల్లో మందు కలుపుతున్నారు బావా. పిల్లలకి."

బావ మొహంలో రంగు పోయింది. గేరు మార్చాడు.

తన ఫోన్ గోడౌన్‌లోనే ఉండిపోయింది. అతని ఫోన్ లాక్కుని నాన్నకి చేసింది. రింగవుతోంది... రింగవుతోంది... ఎత్తడే! స్టాల్ దగ్గర పని తగులుకుంటే ఆయనకి ఫోనూ గుర్తుండదు, ప్రపంచమూ గుర్తుండదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

పోలీసులకి చేసింది.

"చెప్పమ్మా."

"గ్రౌండ్‌లో సోడాలో మందు కలిపారు సార్. కంపెనీ వాళ్ళు. పిల్లలు తాగుతారు, తొందరగా..."

"ఏ కంపెనీ అమ్మా?"

చెప్పింది.

అవతల చిన్న దగ్గు. "లైన్‌లో ఉండండి."

తర్వాత మ్యూజిక్. ఎంతసేపటికీ మ్యూజిక్కే!

వెనక బైకులు అలాగే వస్తున్నాయి. దగ్గరికి రావు. దూరమూ కావు. పక్క సందులోంచి ఒక లారీ దూసుకొచ్చి వాళ్ళని దాటేసింది. టార్పాలిన్ కింద క్రేట్లు. మూతలున్న సీసాలు.

"అదే! దాన్ని దాటు బావా!"

"దీనికి అంత దమ్ముంటే ఎప్పుడో దాటేవాణ్ణి." అతను అద్దంలో బైకుల్ని చూశాడు. "ఒక్క మాట విను. అక్కడికెళ్ళి సోడాలో విషం ఉందని మాత్రం అనకు. ఇంకేదన్నా చెప్పు. నిప్పంటుకుందను, పామొచ్చిందను. మన పేరెత్తకు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? ఒకసారి ఆ మాట బయటికొచ్చిందంటే మీ నాన్న సోడా ఇంకెవరన్నా ముట్టుకుంటారా? ఇల్లు దాని మీదే కదా నడుస్తోంది. నా పిల్లల ఫీజులు దాని మీదే."

నిజమే. నాన్న జీవితమంతా ఆ సీసాలే. కంపెనీ మేనేజరు ఇంటికొచ్చి ఫ్యాక్టరీ అమ్మమని అడిగినా నాన్న అమ్మలేదు. ఆ మేనేజర్ని ఊళ్ళో అందరూ నవ్వుల సారు అంటారు. ఎంత పెద్ద గొడవలోనైనా ఆ నవ్వు చెరగదు. ఆ రోజు కూడా నవ్వుతూనే లేచాడు. "మీ ఇష్టం పెద్దాయనా. బలవంతం ఏముంది?" అన్నాడు.

"బావా, అక్కడ నీ పిల్లలుంటే?"

బావ యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు.

గ్రౌండ్ లైట్లు కనబడ్డాయి. వ్యాన్ ఇంకా ఆగకముందే దూకేసింది.

విజిల్!

హాఫ్ టైమ్.

జనం ఒక్కసారిగా లేచారు. జెర్సీలేసుకున్న పిల్లలు స్టాల్ వైపు పరుగెత్తుతున్నారు. ఆమె జనాన్ని తోసుకుంటూ పోతోంది. ఎవరి కాలో తొక్కింది, ఎవరో తిట్టారు. స్టాల్ వెనక నుంచి ఇద్దరు మనుషులు ఖాళీ చేతులతో వెళ్ళిపోతున్నారు. అంటే... కలిపేశారు!

"నాన్నా!"

వినబడలేదు. నాన్న మూతలు తీస్తున్నాడు. టప్... టప్... టప్... చెమటతో మెరుస్తున్న మొహం. ఎంత సంతోషంగా ఉన్నాడో!

పిల్లల చేతుల్లో సీసాలు. ఏది మంచిదో ఏది విషమో దేవుడికే తెలియాలి. అదే గాజు, అదే పేరు, అదే రంగు. గోల్‌కీపర్ పిల్ల సీసా పైకెత్తింది. గడగడా తాగేస్తోంది.

పక్కనే బల్ల. బల్ల మీద కామెంటరీ మైకు.

లాక్కుంది.

ఒక్క క్షణం. నాన్న తలెత్తి చూశాడు. ఆమెని గుర్తుపట్టి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఏడుపొచ్చింది.

పామొచ్చిందంటే? పిల్లలు సీసాలు పట్టుకునే పరుగెత్తుతారు. పరుగెత్తి ఇంటి దగ్గర తాగుతారు.

"ఎవరూ తాగకండి." గొంతు గ్రౌండంతా మోగింది. "నారింజ సోడా తాగకండి. నేను ఆ ఫ్యాక్టరీ ఓనర్ కూతుర్ని. మా సోడాలో విషం ఉంది. కంపెనీ వాళ్ళే కలి..."

మైకు ఆగిపోయింది.

అయినా సరిపోయింది. గ్రౌండ్ గ్రౌండంతా కేకలు! తల్లులు పిల్లల చేతుల్లోంచి సీసాలు లాగి విసిరేస్తున్నారు. గాజు పగులుతోంది. ఎవరో తండ్రి కూతురి నోట్లో వేళ్ళు పెట్టి కక్కిస్తున్నాడు. ఎవరో స్టాల్ బల్ల తన్నేశారు. క్రేట్లు బోర్లాపడ్డాయి. ఎటు చూసినా పైకెత్తిన ఫోన్లే.

నాన్న కదల్లేదు. మూతలు తీసే ఓపెనర్ ఇంకా చేతిలోనే ఉంది.

ఆమె గోల్‌కీపర్ పిల్ల దగ్గరికి పరుగెత్తింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎంత తాగావు తల్లీ? కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదక్కా. రెండు తాగాను. బాగుంది."

ఇంకో పిల్లని అడిగింది. ఏం లేదంది. ఇంకో పిల్ల భయంతో ఏడుస్తోందే గానీ నిక్షేపంలా ఉంది.

ఒక్కరూ పడలేదు.

వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు.

"భయపడ్డావా చెల్లెమ్మా?"

నవ్వుల సారు. వంగి, పగలకుండా మిగిలిన సీసా ఒకటి తీసుకున్నాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి, దానికున్న ఓపెనర్‌తో మూత తీశాడు. చివరి చుక్క దాకా తాగాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"నీళ్ళు, పంచదార, గ్యాస్. ఆ తెల్ల డబ్బాలోదీ పంచదార నీళ్ళే." నవ్వాడు. "పిల్లల జోలికి వెళ్తామా? మాకూ పిల్లలున్నారు. సీసాలు పోతే నువ్వు వెతుక్కుంటూ వస్తావని తెలుసు. లారీ ఎక్కినప్పటి నుంచీ నువ్వు మా కళ్ళముందే ఉన్నావు. మా వాళ్ళకి ఒకటే చెప్పాను. తరమండి, పట్టుకోకండి అని."



"మీ సోడాలో విషం ఉందని మేం అంటే ఎవరు నమ్ముతారు? కంపెనీ కుళ్ళుకుందంటారు. నువ్వంటే..." ఖాళీ సీసాని ఆమె చేతిలో పెట్టాడు. "సరే మరి, నాన్నగారిని జాగ్రత్తగా చూసుకో."

వెళ్ళిపోయాడు.

బావ ఫోన్ పట్టుకుని వచ్చాడు. స్క్రీన్ మీద ఆమె మొహం, ఆమె గొంతు. మా సోడాలో విషం ఉంది. అప్పుడే ఎన్ని వేలమందికి చేరిందో! చేతులారా చేసుకుంది. నాన్న నోట్లో మట్టి కొట్టింది తనే.

కాదు. ఇంకా అయిపోలేదు. అయిపోకూడదు!

నేల మీద వెతికింది. మూత ఉన్న సీసా దొరికింది. బల్ల అంచుకి కొట్టి మూత ఊడదీసింది. అందరూ చూస్తుండగా సగం తాగింది.

"ఏం లేదండీ. చూడండి, నేనే తాగాను. ఇందులో ఏం లేదు. నన్ను మోసం చేశారు."

ఎవరూ దగ్గరికి రాలేదు. గ్రౌండ్ అటు చివర కంపెనీ ఫ్రిజ్ ముందు అప్పుడే క్యూ కట్టారు.

గోల్‌కీపర్ పిల్ల మాత్రం అక్కడే నిలబడి ఉంది. ఆమె ఆ పిల్లకి సీసా అందించబోయింది.

"నువ్వు చెప్పు తల్లీ. బాగుందన్నావు కదా."

పిల్ల చెయ్యి చాపింది.

వెనక నుంచి తల్లి వచ్చి ఆ చెయ్యి పట్టి లాగేసింది.

"ముట్టుకోకు. వాళ్ళమ్మాయే చెప్పింది కదే, విషమని."