కంచులో మిగిలిన ద్వేషం

తండ్రి వేసిన అట్టు తుంచకముందే సలోమి దాని మీద భావమాపకం ఆనించింది. "విసుగు అరవై పాళ్లు," అంది. దేవసహాయం పెనం కడగడానికి లేచాడు. మనిషి చేసిన ఏ వస్తువులోంచైనా చేసిన వేళ మనసును చదివే ఆ మాయదారి పరికరం వచ్చాక, గుంటూరులో సగం కాపురాలు కోర్టుకెక్కాయి.

ఆ ఉదయమే ప్రదర్శనశాలలో ఇటలీ కంచు పలక ఆవిష్కరణ. ఆరున్నర వందల ఏళ్ల నాటి పని. బైబిలు కథే: కట్టెల మీద ఇస్సాకు, దేవుడు బలి అడిగాడని వాడి మీదికి కత్తి ఎత్తిన తండ్రి అబ్రాహాము. విరిగిపోయిన ఇస్సాకు బొమ్మను, కిందటేడు సలోమినే ఎదురుగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, శిల్పి దేవసహాయమే మైనంతో మళ్లీ మలిచి కంచు పోశాడు.

ఆనవాయితీ ప్రకారం అధికారిణి హైమవతి బొమ్మకు మాపకం ఆనించింది. "ద్వేషం... తొంభై ఒకటి."

జనం గుసగుసలాడారు. సలోమి ముఖం పాలిపోయింది. "నన్ను చూస్తూ చేశావుగా నాన్నా. ఎవరి మీద ఇంత ద్వేషం?"

జవాబు ఆయన నాలుక చివరే ఉంది. కూతురి మెడ మలుస్తున్నంతసేపూ, దాని మీదికి కత్తెత్తిన ఆ ముసలాయన మీద పళ్లు నూరాడు. కానీ ముందు వరసలో పాస్టరుగారున్నారు. విశ్వాసులకు తండ్రి అబ్రాహాము. సంఘపెద్ద అయ్యుండి ఆ మాట అనడమా? తల దించుకున్నాడు. పిరికితనానికి పెద్దరికం ముసుగేయడం మనకేం కొత్త!

ఇంటికొచ్చాక చెప్పాడు. "నీ మీద కాదమ్మా, అబ్రాహాము మీద."

"అక్కడ నోరు పెగల్లేదేం?" సలోమి మైనపు ముద్ద ఆయన ముందు పడేసింది. "నా ముఖం చెయ్యి. ఇప్పుడే."

చేశాడు. ఒక కన్ను మైనం మీద, ఒక కన్ను మాపకం మీద. ముఖం అచ్చు గుద్దినట్టు వచ్చింది. సలోమి మాపకం ఆనించింది. ప్రేమ లేదు, ద్వేషమూ లేదు. భయం, నూటికి నూరు.

ఆమె సంచి సర్దుకుని వీధిలోకి నడిచింది. "భయం ఆ యంత్రమంటే తల్లీ! నిన్ను ద్వేషిస్తానా?" అంటూ ఆయన వెంటపడ్డాడు.

సలోమి ఆగింది. "అబ్రాహామునే ద్వేషించానని ఇక్కడే గట్టిగా అను. యంత్రాన్ని విసిరికొట్టి నిన్నే నమ్ముతాను."

అరుగుల మీద సంఘం వాళ్లు కబుర్లాడుకుంటున్నారు. దేవసహాయం అటూ ఇటూ చూశాడు. ఆయన తల తిప్పేసరికి సలోమి మలుపు దాటేసింది.