రెండంచులూ అరిగిన తెర

జపాన్‌లోని కనజావాలో ఆ వారమంతా మంచు కురుస్తూనే ఉంది. మధ్యాహ్నం మూడింటికే ఇంట్లో దీపం వేయాల్సి వచ్చింది. న్యుమోనియాతో ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులుండి, కొహేయి మొన్ననే ఇంటికొచ్చాడు. "ఈసారి చలిగాలి తగిలిందంటే ఇక నా చేతుల్లో ఉండదు," అని డాక్టరు ఆయన భార్య తోమికోకి మొహమాటం లేకుండా చెప్పి పంపాడు. చెప్పడం తేలికే. నూటపదేళ్ళ నాటి చెక్క ఇల్లు, గదుల తలుపులన్నీ కాగితానివి, ఇక గాలికి అడ్డేముంది?

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ పాత మడత తెరలు బాగుచేసే పని. చట్రం ఆయనది, కాగితం ఆమెది. ముప్పై నాలుగేళ్ళుగా ఒకే బల్ల మీద పోట్లాడుకుంటూ బతికారు. ఇప్పుడు పనిగదిలో ఒక్క తెర ఉంది. మనిషెత్తు రెక్కలు రెండు. మీద బొమ్మ లేదు, అక్షరం లేదు, ఉన్నదంతా వెండి రేకే. అదీ తడి మరకలు పడి, నల్లబడి, మాడిన పెనంలా ఉంది. టోక్యోలో డబ్బున్నవాళ్ళ ఇళ్ళు అలంకరించే నిషిగోరి దాన్ని మనుషులెవరూ మిగలని ఒక ఇంట్లోంచి కొన్నాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"తోమికో గారూ, మరకల జోలికి మాత్రం వెళ్ళకండి! అరిగిన అంచులూ అలాగే ఉండాలి. వాబి-సాబి అంటే అదేగా. ఇప్పుడందరికీ పాతబడ్డ అందమే కావాలండీ."

"అయితే మా ఇంటి చూరు కూడా పట్టుకెళ్ళండి, బ్రహ్మాండంగా కారుతోంది," అంది తోమికో.

గాలికి ఇంకేం దొరక్క, ఆ తెరనే తెచ్చి మొగుడి తలవైపు నిలబెట్టింది. గాలి ఆగింది. పాత కాగితం వాసన, దాని వెనకే ఎప్పుడో కాలిన అగరొత్తుల వాసన గదిని కమ్ముకున్నాయి.

కొహేయి తల తిప్పి చూసి నవ్వాడు. "తలకిందులుగా పెట్టలేదు కదా? అప్పుడే నన్ను సాగనంపేస్తావా ఏంటి?"

శవం తల దగ్గర తప్ప తెరను ఎవరూ తలకిందులుగా పెట్టరు.

"మీ నోటికి తాళం వెయ్య! బొమ్మే లేనిదానికి తలేంటి, పాదమేంటి? ఇదిగో, అరిగిన అంచు చూసే కింద పెట్టాను. నిలబడి నిలబడి అరిగేది పాదమేగా?"

కొహేయి చట్రం మనిషి. కాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు. "పైది కూడా అరిగిందే..."

తోమికో స్టూలెక్కి తడిమింది. నిజమే. లక్క పూత పోయి, చెక్క నున్నబడి, మూలలు గుండ్రమయ్యాయి. కింద ఎంత అరిగిందో పైనా అంతే అరిగింది. ఆమె చేయి అక్కడే ఆగిపోయింది. తెర తలకిందులయ్యేది ఇంట్లో మనిషి పోయిన రోజు మాత్రమే. అలాంటి రోజులతోనే ఈ అంచు ఇంతగా అరగాలంటే, ఆ ఇంట్లో ఎంతమంది పోయి ఉండాలి? నిషిగోరి మురిసిపోయిన అందం ఇదేనా?

కొహేయి దగ్గడం మొదలుపెట్టాడు.

నీళ్ళు కిందికే కారతాయి కదా అని తోమికో మరకల చారలు పట్టి చూసింది. చారలు పైకి సాగి ఉన్నాయి. అంటే తలకిందులుగానే పెట్టింది! గబగబా తెర తిప్పి నిలబెట్టింది. చారలు కిందికొచ్చాయి. అమ్మయ్య అనుకుని, వంటింట్లోకెళ్ళి వేణ్ణీళ్ళు తెచ్చింది.

వచ్చేసరికి చారలు మళ్ళీ పైకి ఉన్నాయి.

మళ్ళీ తిప్పింది. రెప్ప వేయకుండా ఎదురుగా కూర్చుంది. చూరు మీది మంచు ముద్దగా జారి దబ్బున పడింది. ఒక్కసారి అటు చూసింది. అంతే. ఇటు తిరిగేసరికి... పైకే.

కొహేయి ఊపిరి గరగరలాడుతోంది. పెదాలు నీలమయ్యాయి. ఆమె అంబులెన్సుకు ఫోన్ చేసింది. మంచులో దారి చేసుకుంటూ రావాలి, అరగంట పడుతుందన్నారు.

తెర లోపల, కాగితం పొరల మధ్య, ఏదో కదిలింది. వేళ్ళతో మెల్లగా తడుముతున్న చప్పుడు... ఒక అంచు నుంచి రెండో అంచు దాకా... ఆగి... మళ్ళీ వెనక్కి...

"తోమీ..." కొహేయి గుసగుసలాడాడు. "దాని వెనక ఎవరు?"

"ఎవరూ లేరు. మీరు మాట్లాడకండి."

రెక్కలు మూసి తెరను ఎత్తింది. ఇందాక ఒక్క చేత్తో తెచ్చింది, ఇప్పుడు మనిషంత బరువుంది. ఏడుస్తూ, తిడుతూ వసారాలోకి ఈడ్చుకెళ్ళింది. "ఎంతమందిని తిన్నావో తిన్నావు. ఆయన్ని వదిలెయ్... ఆయన్ని మాత్రం వదిలెయ్... కావాలంటే..."

ఆ తర్వాతి మాట మింగేసింది. మింగాననే అనుకుంది. తెరను మంచులోకి తోసి తలుపేసింది.

లోపలికొచ్చేసరికి కొహేయి లేచి కూర్చున్నాడు. పెదాలకు రంగొచ్చింది. ఊపిరి సాఫీగా ఆడుతోంది.

"ఆకలేస్తోందే. ఏమన్నా పెడతావా?"

తోమికోకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. పొద్దున్న కాచిన గంజి వెచ్చబెట్టి తెచ్చి, పక్కన కూర్చుని చెంచా అందించింది. ఆయన నోరు తెరవలేదు. ఆమె మెడ కిందికే చూస్తున్నాడు.

"నీ చొక్కా... కుడి అంచు పైకొచ్చిందేంటి?"

తోమికో కిందికి చూసుకుంది. అంచు మీద అంచు మడిచి పక్కన తాళ్ళతో ముడివేసే పని చొక్కా అది, ఇప్పుడు కుడి అంచు పైన ఉంది. శవానికి అలా తొడుగుతారు. బతికున్నవాళ్ళకి ఎడమ అంచే పైకి రావాలి.

"కంగారులో కట్టుకున్నట్టున్నాను," అని ముడి విప్పి, ఎడమ అంచు పైకి లాగి కట్టుకుంది. మళ్ళీ చెంచా తీసింది.

"తోమీ... మళ్ళీ అలాగే ఉంది."

విప్పింది. ఎడమ, ఎడమ అని పైకి అనుకుంటూ కట్టింది. చూసుకుంది. కుడి. మూడోసారి ఆయనే సరిచేసి, రెండు ముళ్ళు వేసి బిగించాడు.

వీధి చివర అంబులెన్సు కూత వినబడింది.

"వచ్చేస్తున్నారు. కిందికి చూడకు, నా వైపు చూడు," అని కొహేయి ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె ఆయన వైపే చూసింది. నాలుగు చేతులూ ఇద్దరి మధ్యా దుప్పటి మీదే ఉన్నాయి. ఆమె పక్కటెముకల దగ్గర మొదటి ముడి మెల్లగా విడిపోయింది... తర్వాత రెండోది.